బడి ప్రణాళిక రిజిస్టరు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు కొంత చరిత్ర, కొంత స్వానుభవం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి యివ్వమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. పెన్షను లెక్కలు, కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల వాపసు గూర్చి నాకంటే బాగా వ్రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిందల్లా బడి. అందులోనూ ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక కాగితం గూర్చి వ్రాద్దామనుకొన్నాను. ఏటా ప్రతి హెడ్మాస్టరూ వ్రాసి, సంతకం పెట్టి, పై ఆఫీసుకు పంపి, ఒక నకలు బీరువాలో దాచే ‘పాఠశాల ప్రణాళిక’ అది.

ఈ ఆలోచన రావడానికి కారణం ఉంది. పోయిన డిసెంబరులో ఒక ప్రధానోపాధ్యాయురాలు మా యింటికి వచ్చింది. నా సర్వీసు చివరి రోజుల్లో మా బడిలో విద్యా వాలంటీరుగా పనిచేసి, తర్వాత డీఎస్సీలో ఎంపికై, యిప్పుడు శామీర్‌పేట వైపు ఒక ప్రాథమిక పాఠశాల నడుపుతున్నది. సంచిలోంచి ఒక ఫారం తీసి, “సార్, స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాలె. నిరుడుదే మళ్ల దించితె అయిపోతది గని, మీరొక్కసారి చూస్తరా?” అంది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు దించినవాడినే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు కొంచెం పాత కథ. నిజాం కాలంలో మేడ్చల్ ‘అత్రాఫ్-ఎ-బల్దా’ జిల్లాలో ఒక తాలూకా. ఆ జిల్లా చాలావరకు సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం ప్రభువు సొంత ఖర్చులకు కేటాయించిన భూములు. 1949లో దాన్ని దివానీలో కలిపివేశారు. ఆ రోజుల్లో సర్కారీ బడి అంటే ఉర్దూ బడి. తెలుగు అక్షరాలు కావాలంటే ఖాన్‌గీ పంతులు దగ్గర ఇసుకలో దిద్దవలసిందే. బడికి ప్రణాళిక అనే మాట అప్పుడు లేదు. ఉన్నది ‘ముఆయినా’ ఒక్కటే. ఇన్‌స్పెక్టరు గుర్రం మీదనో బండి మీదనో వచ్చి, పిల్లల చేత పాఠం చదివించి, పుస్తకంలో నాలుగు ముక్కలు వ్రాసి వెళ్ళేవాడని మా పెద్దలు చెప్పేవారు. ఏది బాగుపడాలో చెప్పేది బయటివాడు, వినేది పంతులు.

ఈ వరుసను తిరగవేయాలని మొదట గట్టిగా చెప్పింది కొఠారీ కమిషను. 1964లో ఏర్పడి 1966 జూన్ 29న నివేదిక సమర్పించిన ఆ కమిషనుకు డి.ఎస్. కొఠారీగారు అధ్యక్షులు, జె.పి. నాయక్‌గారు సభ్య కార్యదర్శి. పంచవర్ష ప్రణాళికలు ఢిల్లీలోనూ రాష్ట్ర రాజధానుల్లోనూ తయారైతే సరిపోదు, ప్రతి విద్యాసంస్థా తన ప్రణాళికను తానే వేసుకోవాలి అన్నది వారి అభిప్రాయం. దీనికే తర్వాత ‘సంస్థాగత ప్రణాళిక’ అని పేరు వచ్చింది. బి.ఇడి. చదివిన మిత్రులందరూ పరీక్షలో దీనిమీద వ్యాసం వ్రాసినవారే! నాయక్‌గారు నొక్కి చెప్పిన విషయం మాత్రం మన వ్యాసాల్లో జారిపోయేది. సంస్థాగత ప్రణాళిక అంటే ప్రభుత్వాన్ని అడిగే కోరికల జాబితా కాదు; ఉన్న గదులతో, ఉన్న పంతుళ్ళతో, పైసా ఖర్చు లేకుండా మనం ఏం మెరుగుపరచగలమన్న లెక్క. ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న ప్రాథమిక పాఠశాలలన్నీ ఒక సముదాయంగా కలిసి పనిచేయాలన్న ‘స్కూల్ కాంప్లెక్స్’ ఊహ కూడా ఆ నివేదికలోదే.

నేను 1971లో పంచాయితీ సమితి బడిలో ఎస్.జి.బి.టి. టీచరుగా చేరాను. సికింద్రాబాదు నుంచి మేడ్చల్‌కు నిజామాబాదు మీటర్‌గేజి బండిలో వచ్చి, అక్కడి నుంచి సైకిలు మీద పోయేవాణ్ణి. (బండి ఆలస్యమైతే మొదటి పీరియడు దైవాధీనం. ‘అప్ అండ్ డౌన్’ పంతుళ్ళని ఊళ్ళో వాళ్ళు ఊరికే అనలేదు.) అక్కడి హెడ్మాస్టరుగారు పొట్టిగా, మాట తక్కువగా ఉండే మనిషి. సంస్థాగత ప్రణాళిక వ్రాయమని సర్క్యులరు వస్తే అందరూ పది పేజీలు వ్రాసేవారు. ఆయన ఒక చిన్న రిజిస్టరులో మూడే పనులు వ్రాసేవారు. ఒక యేడాదివి నాకు యింకా గుర్తున్నాయి: దసరా సెలవుల లోపు మూడో తరగతికి ఒత్తులు రావాలి; సంక్రాంతి లోపు నాలుగో తరగతికి భాగహారం రావాలి; వానకు కురిసే గదిలోని రెండో తరగతిని గుడి మంటపంలోకి మార్చాలి. ప్రతి దాని పక్కన పని చేయవలసిన టీచరు పేరు, తేదీ. తేదీ రాగానే తానే వచ్చి పిల్లలను నిలబెట్టి అడిగేవారు. రానివాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో వ్రాసి, కొత్త తేదీ వేసేవారు. పంతులును తిట్టడం నేనెన్నడూ వినలేదు. ఎర్ర సిరాయే చాలు.

1983 ఫిబ్రవరిలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గింది. మన పాత సభ్యులకు ఆ నెల బాగా జ్ఞాపకం ఉంటుంది. 55 దాటిన వాళ్ళందరూ 28వ తేదీన ఒక్కసారిగా యింటికి వెళ్ళారు. తర్వాత మళ్ళీ 58 చేశారనుకోండి, అది వేరే కథ. మా హెడ్మాస్టరుగారు కూడా ఆ రోజే వెళ్ళిపోయారు. భాగహారం రాని పిల్లల పేర్లు ఎర్ర సిరాలో అట్లాగే ఉండిపోయాయి. తర్వాత వచ్చినాయన కొత్త రిజిస్టరు తెరిచారు. ఒక బడి ప్రణాళిక ఒక మనిషి జేబులో ఉంటే ఏమవుతుందో నేను మొదట చూసింది అప్పుడే.

ఈ లోపల మా ప్రాంతపు చిరునామా కూడా మారుతూ వచ్చింది. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా విడివడింది. 1985లో తాలూకాలు, సమితులు పోయి మండలాలు వచ్చాయి. మేడ్చల్ ఒక మండలం, శామీర్‌పేట ఒక మండలం అయ్యాయి. మండల విద్యాధికారులు వచ్చారు. వాళ్ళతోపాటు ఫారాలూ పెరిగాయి.

ఇక నా తప్పు. 1980ల చివర ఒక చిన్న బడికి నేను ఇన్‌చార్జి హెడ్మాస్టరునయ్యాను. ప్రణాళిక రేపటికల్లా కావాలన్నారు. ముందు సంవత్సరపు నకలు తీసి తేదీలు మార్చి దించేశాను. నమోదు వంద శాతం, ఉత్తీర్ణత వంద శాతం. అందులో అబద్ధం ఏమీ లేదు కూడా. నాన్-డిటెన్షన్ పద్ధతిలో హాజరుంటే చాలు, అందరూ పాసే. రెండు నెలల తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి ఐదో తరగతిలో ఒక అమ్మాయికి వాచకం యిచ్చి చదవమన్నారు. గడగడా చదివింది. ఆయన పుస్తకం మూసి, రెండో తరగతి వాచకం తెచ్చి, అందులో ఆమె ఎన్నడూ చూడని పేజీ తెరిచారు. పిల్ల నోరు తెరవలేదు. బొమ్మను బట్టి పాఠం వల్లించడం తప్ప ఆమెకు అక్షరాలు కూడా సరిగా రావు. ఐదేళ్ళు మా చేతుల మీదుగా నడిచిన పిల్ల. అధికారి నన్నేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మనం ‘అపెప్’ అనేవాళ్ళం. బ్రిటిషు ప్రభుత్వపు విదేశీ అభివృద్ధి సంస్థ డబ్బుతో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించి, 1996 వరకు నడిచింది. ఆరు సూత్రాలు నేర్పారు: ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలు తయారుచేయడం, పిల్లలు చేసి చూసి నేర్చుకోవడం, వ్యక్తిగతంగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గమనించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచడం. పక్కపక్క బడుల పంతుళ్ళం ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకొని పాఠాలు చూపించుకొనేవాళ్ళం. నా మట్టుకు నాకు ఆ సమావేశాలు ఎంతో మేలు చేశాయి. అంతకుముందు పక్క ఊరి పంతులు ఏం చెబుతున్నాడో నాకు తెలియదు, నేనేం చెబుతున్నానో అతనికి తెలియదు.

అయితే ఆరు సూత్రాల్లో ఆరోది అన్నిటికంటే తొందరగా పట్టుబడింది. కత్తెర, రంగు కాగితాలు, దారం మీద వేలాడే బొమ్మలు! తనిఖీకి వచ్చినవారి కంటికి మొదట కనబడేది గోడే కదా. నాలుగోది, అంటే ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూసుకోవడం, గోడ మీద కనబడదు. అందుకని అది వెనకబడింది. బొమ్మను చూసి వల్లించిన ఆ అమ్మాయి గుర్తుకు వచ్చి, నేను నాలుగో సూత్రాన్ని పట్టుకొన్నాను.

1992 ప్రాంతంలో శామీర్‌పేట మండలంలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు మారాను. అప్పుడు ఆ చుట్టుపక్కల ద్రాక్షతోటలు పచ్చగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు హైదరాబాదు బజారుకు లారీల్లో పోయేవి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోత. గుత్తులు కత్తిరించి, బుట్టల్లో సర్దడానికి చిన్న చేతులైతే మంచిదని తోటల వాళ్ళ నమ్మకం. అందువల్ల సరిగ్గా ఏడో తరగతి కామన్ పరీక్షలకు ముందు మా బడి ఖాళీ అయ్యేది. మా జిల్లాలోనే 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వారు పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టారు. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బడి బయట ఉన్న పిల్లవాడెవరైనా బాలకార్మికుడే అని వారు తేల్చి చెప్పారు. మాలాంటివాళ్ళం అప్పటిదాకా ‘పేదరికం సార్, ఏం చేస్తాం’ అని సర్దుకొనేవాళ్ళం.

ఆ జూలైలో నేను, తోటి టీచర్లు ముగ్గురు కలిసి ఒక పని చేశాం. రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ప్రతి పిల్లను ఒక్కొక్కరినే పిలిచి చదివించాం. ఒక కాగితం మీద అక్షరాలు, ఒక దాని మీద గుణింతాలు, తర్వాత ఒత్తులున్న మాటలు, ఒక చిన్న వాక్యం, చివర ఎనిమిది వరుసల కథ. ఎవరు ఎక్కడ ఆగితే ఆ గడిలో వాళ్ళ పేరు. మొత్తానికి పది రోజులు పట్టింది. పూర్తయ్యాక చూస్తే ఆరో తరగతి పిల్లల పేర్లు గుణింతాల గడిలో ఉన్నాయి, మూడో తరగతి పిల్లలు కొందరు కథ గడిలో ఉన్నారు. తరగతి అన్నది వయసుకు పెట్టిన పేరే తప్ప చదువుకు కాదని తెలిసిపోయింది.

ప్రణాళికలో పాత హెడ్మాస్టరుగారి లెక్కన మూడే పనులు వ్రాశాం. మొదటిది: ప్రార్థన తర్వాత ముప్పావు గంట సేపు తరగతులు పక్కనపెట్టి, గడుల ప్రకారం పిల్లలను కూర్చోబెట్టి చదివించడం. అక్షరాల గడిని అందరికంటే అనుభవం ఉన్న టీచరు తీసుకోవాలి. (మామూలుగా ఒకటో తరగతిని కొత్తగా వచ్చినవాళ్ళకు అంటగడతాం. అది మన వృత్తిలో పాతరోగం.) రెండోది: ప్రతి నెలా చివరి శనివారం మళ్ళీ చదివించి పేర్లు మార్చడం. మూడోది: కోతలు మొదలయ్యే ముందే, అంటే జనవరిలోనే, తల్లిదండ్రులనూ తోటల యజమానులనూ పిలిచి మాట్లాడటం.

మొదటి రెండూ బాగానే నడిచాయి. ఆరో తరగతి పెద్ద పిల్లలు చిన్నవాళ్ళ పక్కన కూర్చోడానికి సిగ్గుపడ్డారు. రెండు వారాలు గొడవ. తర్వాత వాళ్ళ చేతికి వాచకం బదులు బస్సు టికెట్లు, విత్తనాల సంచుల మీది రాతలు, పెళ్ళి శుభలేఖలు యిచ్చాం. చిన్నపిల్లల పుస్తకం చదువుతున్నామన్న చిన్నతనం పోయింది. డిసెంబరు నాటికి అక్షరాల గడి దాదాపు ఖాళీ అయింది. ఒత్తుల దగ్గర చాలామంది చిక్కుకొన్నారు. అది ఎప్పుడూ అంతే.

మూడోది సగమే అయింది. తోట యజమాని ఒకాయన ముఖం మీదే అడిగారు: “పోరగాళ్ళు రాకుంటె కాయ ఎవరు కొయ్యాలె సారు? మీరొస్తరా?” ఇంకొకాయన మాత్రం ఏడో తరగతి వాళ్ళను పరీక్షలయ్యేదాకా పనికి పెట్టుకోనని మాట యిచ్చి నిలబెట్టుకొన్నారు. చిన్న తరగతుల వాళ్ళు ఎప్పటిలాగే తోటలకు పోయారు. మార్చిలో చదివిస్తే నాలుగైదుగురు ఒక గడి వెనక్కి జారారు. లెక్కల విషయం అసలు ముట్టుకోనేలేదు, దానికి టైము చాలలేదు. ఆ వేసవిలో అక్షరాల గడి చూసిన టీచరుకు బదిలీ అయింది. ఆవిడ స్థానంలో ఎనిమిది నెలలు ఎవరూ రాలేదు. తర్వాత నాకూ బదిలీ. రిజిస్టరు అప్పగించి, సంతకం తీసుకొని వచ్చాను. రెండేళ్ళ తర్వాత ఆ వైపు పోయినప్పుడు అడిగితే, పొద్దుటి చదువు రెండు నెలలు నడిచి ఆగిపోయిందన్నారు. మా పాత హెడ్మాస్టరుగారి భాగహారమే నాకు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

1995 ఆగస్టు 15 నుంచి పిల్లకు నెలకు మూడు కిలోల బియ్యం పథకం వచ్చింది, 80 శాతం హాజరు ఉండాలి. హాజరు పట్టీ బియ్యం పట్టీ అయింది. తల్లులు వచ్చి నిలబడితే ‘ఆబ్సెంటు’ వేయడానికి ఏ పంతులుకు చేయి వస్తుంది? ఆ రోజుల హాజరు అంకెలను ఎవరైనా చరిత్రకు వాడితే కొంచెం చూసి వాడాలని మనవి. మన రాష్ట్రంలో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం 2003లో మొదలయ్యాక ఈ బాధ తీరింది.

1998లో సామాజిక భాగస్వామ్య చట్టం వచ్చి, తల్లిదండ్రులు ఎన్నుకొన్న సభ్యులతో పాఠశాల విద్యా కమిటీలు ఏర్పడ్డాయి. హెడ్మాస్టరు కన్వీనరు. మంచి ఆలోచనే. కానీ ప్రణాళిక మాట ఎత్తగానే కమిటీలో అందరూ ప్రహరీగోడ అనేవారు, నాతో సహా. గోడ కంటికి కనబడుతుంది, కొలతకు వస్తుంది, బిల్లు అవుతుంది. ఒక సమావేశంలో వెనక కూర్చున్న ఒక తల్లి, “గోడ సంగతి తర్వాత గని, మా పిల్ల బస్సు బోర్డు చదువుతదా సారూ?” అంది. అంతా నవ్వారు. మినిట్సులో గోడే వ్రాశాం. రాష్ట్ర అక్షరాస్యత 1991లో 44.09 శాతం ఉండగా 2001 నాటికి 60.47 శాతానికి పెరిగింది. అది చిన్న విషయం కాదు. అయినా ఆ తల్లి అడిగినదానికి ఆ అంకెలో జవాబు లేదు.

నేను 2006లో రిటైరయ్యాను. తర్వాతి సంగతులు చదివీ, విన్నవీ. బడి ప్రణాళిక ఒక్క మన దేశపు ముచ్చట కాదట. ఇంగ్లండులో 1988 చట్టంతో బడుల నిర్వహణ బడులకే అప్పగించాక అక్కడి హెడ్మాస్టర్లు అభివృద్ధి ప్రణాళికలు వ్రాయడం మొదలుపెట్టారు. అమెరికాలో 2002 జనవరిలో సంతకమైన చట్టం ప్రకారం వరుసగా రెండేళ్ళు లక్ష్యం తప్పిన బడి మూడు నెలల్లో ప్రణాళిక వ్రాసి యివ్వవలసి ఉండేది. శిక్షగా వ్రాయించిన ప్రణాళికలో నిజం ఎంతుంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కమిటీయే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, మూడేళ్ళకు ఒకటి, అందులో ఏడాదికొక ఉపప్రణాళిక ఉండాలని కేంద్రం యిచ్చిన నమూనా నియమాలు చెప్పాయి. కొఠారీ కమిషను 1966లో సలహాగా చెప్పింది నాలుగు దశాబ్దాల తర్వాత చట్టమైంది. 2015లో ‘శాలా సిద్ధి’ పేరుతో బడి తనను తాను ఏడు అంశాల్లో అంచనా వేసుకొనే పద్ధతి వచ్చింది. 2022లో తెలంగాణలో ‘మన ఊరు – మన బడి’ కింద గదులు, నీళ్ళు, మరుగుదొడ్లు మొదలైన 12 పనులు చేపట్టారు. అదే ఏడు పంద్రాగస్టుకు ‘తొలిమెట్టు’ మొదలైంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్క చేయడం వచ్చేటట్టు చూడటం దాని పని. దేశంలో ఐదో తరగతి గ్రామీణ పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో సగం మందేనని ‘అసర్’ సర్వేలో తేలింది. మా బడిలోని అమ్మాయి ఒంటరిది కాదన్నమాట.

మళ్ళీ డిసెంబరు నాటి ఫారం దగ్గరికి వస్తాను. రాబోయే సంవత్సరాల్లో తరగతివారీగా ఎందరు పిల్లలు ఉంటారు, ఎందరు టీచర్లు కావాలి, గదులెన్ని కావాలి అన్నవాటికి గడులు ఉన్నాయి. అవన్నీ అవసరమే. “మీ బడి పిల్లలు ఏం చదవగలరమ్మా?” అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, “మా ఊరు మీరెరిగిన ఊరు కాదు సార్ ఇప్పుడు” అంది.

నిజమే. ద్రాక్షతోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ, నల్సార్ విశ్వవిద్యాలయం, ఎటు చూసినా భవనాలే. ఊరివాళ్ళ పిల్లలు ప్రైవేటు బస్సులెక్కి పోతున్నారు. సర్కారు బడిలో ఆ భవనాలు కట్టే బీహారు, ఒడిశా కూలీల పిల్లలు కూర్చుంటున్నారు. పని అయిపోతే కుటుంబం మొత్తం లేచి పోతుంది. 2022 నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో ఒక భాష, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. నా కాలపు ఐదు గడులు ఆమెకు చాలవు.

ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. అక్షరాల గడికి ముందు ‘తెలుగులో మాట్లాడటం’ అని యింకొక గడి చేర్చింది. పిల్ల ఎప్పుడు వచ్చింది, తల్లిదండ్రుల పని ఎప్పటికి ముగుస్తుంది అన్నదానికి ఒక వరుస పెట్టింది. మధ్యలో వెళ్ళిపోయే పిల్ల చేతికి, తనకు ఏమి వచ్చో వ్రాసిన చీటీ ఒకటి యివ్వాలన్నది ఆమె సొంత ఆలోచన. తర్వాతి బడి పంతులు దాన్ని చదువుతాడా అని నేను అడిగాను. “చదివినంక చూద్దాం సార్” అంది. లెక్కలకు కూడా గడులు గీసింది, నేను గీయలేకపోయినవి.

ఫారంలో వాటికి చోటు లేదు. విడిగా ఒక రిజిస్టరు పెట్టుకొంటానంది. దాని మీద తన పేరు కాక బడి పేరు, టీచర్లందరి సంతకాలు ఉండాలని, తనకు బదిలీ అయినా అది బడిలోనే ఉండాలని నేను పట్టుబట్టాను. కమిటీ తల్లులు ఇద్దరి చేత కూడా సంతకం చేయిస్తానంది. పిల్లల పేర్లు పెన్సిలుతో వ్రాస్తుంటే, సిరాతో ఎందుకు వ్రాయవమ్మా అన్నాను. “నెలనెలా తుడిచి ముందటి గడిలకు మార్చాలె గద సార్” అంది.

ఫిబ్రవరి చివరి శనివారం పిల్లలందరినీ మళ్ళీ చదివిస్తుందట. వచ్చి కూర్చోమంది. మోకాళ్ళు సహకరిస్తే వెళతాను.